మృదు కణజాల కణితుల నిర్ధారణలో దారి తప్పించే మార్కర్లు

కొవ్వు, కండరం, నరాల తొడుగు, రక్తనాళాలు, వీటి మధ్య అల్లుకుని ఉండే పీచు కణజాలం. వీటిలో పుట్టే గడ్డలను మృదు కణజాల కణితులంటారు. ప్రాణం మీదికి తెచ్చేవి సార్కోమాలు. పెద్దవాళ్లకు వచ్చే కేన్సర్లలో వీటి వాటా ఇంచుమించు ఒక్క శాతమే అయినా, రకాలకు మాత్రం లోటు లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 వర్గీకరణలో మృదు కణజాల కణితుల రకాలు వంద దాటాయి. అరుదుగా వచ్చే జబ్బుకు ఇన్ని రకాలు ఉంటే, ఏ పెథాలజిస్టుకైనా ఒక్కో రకం కంటపడేది అప్పుడప్పుడే. పైగా మైక్రోస్కోపు కింద ఇవి ఒకదాన్నొకటి పోలి ఉంటాయి. కొన్నింట్లో అన్నీ కదురు ఆకారపు కణాలే, కొన్నింట్లో అన్నీ చిన్న గుండ్రని కణాలే. మామూలు రంగులు వేసిన హెచ్ అండ్ ఇ స్లైడు ఒక్కటే చూసి పేరు పెట్టలేని సందర్భాలు తప్పవు. అక్కడే ఇమ్యునోహిస్టోకెమిస్ట్రీ, వాడుకలో ఐహెచ్‌సి, అవసరం పడుతుంది.

సూత్రం తేలికైనదే. వెతికే ప్రొటీన్‌ను మార్కర్ అంటారు. ఒక ప్రొటీన్‌ను వెతికి పట్టుకునే యాంటీబాడీని కణజాలం మీద వేస్తారు. అది అతుక్కున్న చోట ఎంజైము సాయంతో గోధుమ రంగు తేలుతుంది. 1941లో ఆల్బర్ట్ కూన్స్ బృందం యాంటీబాడీకి మెరిసే రంగును జతచేసింది. 1960లలో మెరిసే రంగు బదులు ఎంజైము వచ్చింది. 1975లో కోలర్, మిల్‌స్టైన్ మోనోక్లోనల్ యాంటీబాడీల తయారీకి దారి చూపారు. 1991లో షాన్ రోంగ్ షీ బృందం, ఫార్మలిన్‌లో ఊరిన కణజాలాన్ని వేడి చేస్తే మరుగుపడ్డ ప్రొటీన్లు మళ్లీ యాంటీబాడీకి అందుతాయని చూపించింది. ఆ తర్వాత మైనపు బ్లాకు ఉన్న ప్రతి ప్రయోగశాలలోనూ ఐహెచ్‌సి సాధ్యమైంది.

గోధుమ రంగుకూ రోగనిర్ధారణకూ మధ్య మూడు మెట్లున్నాయి. యాంటీబాడీ అతుక్కున్నది తాను వెతికిన ప్రొటీన్‌కేనా? ఆ ప్రొటీన్ ఉన్నది కణితి కణంలోనేనా? ఆ ప్రొటీన్‌ను తయారుచేసేది ఆ ఒక్క కణితేనా? ఈ మూడింట్లో ఎక్కడ కాలు జారినా రిపోర్టు తప్పుతుంది. ఎక్కువమందిని పడేసేది మూడో మెట్టు.

తొలినాళ్ల ఆశలు పెద్దవి. కెరాటిన్ ఉంటే కార్సినోమా, విమెంటిన్ ఉంటే సార్కోమా అని 1980ల ఆరంభంలో చాలామంది నమ్మారు. కొద్ది ఏళ్లలోనే ఆ నమ్మకం చెదిరింది. మూత్రపిండం, థైరాయిడ్, గర్భాశయపు లోపొర కార్సినోమాలలో విమెంటిన్ మామూలుగానే కనిపిస్తుంది. మెలనోమాలోనూ ఉంటుంది. సార్కోమాలలో ఎలాగూ ఉంటుంది. అన్నిచోట్లా ఉండే గుర్తు దేనికీ గుర్తు కాదు. కణజాలం పాడవకుండా ఉందని చెప్పడానికి తప్ప విమెంటిన్‌తో నేడు పెద్దగా పని లేదు. అయినా అలవాటు కొద్దీ ఇంకా దాన్ని పానెల్‌లో అడుగుతూనే ఉన్నారు.

ఆ కాలపు మరో కథ మాలిగ్నెంట్ ఫైబ్రస్ హిస్టియోసైటోమాది. 1960లలో పుట్టిన ఈ పేరు, 1980ల నాటికి పెద్దవాళ్ల సార్కోమాలలో అన్నిటికన్నా ఎక్కువగా రాసే నిర్ధారణ అయింది. ఆల్ఫా 1 యాంటీట్రిప్సిన్, ఆల్ఫా 1 యాంటీకైమోట్రిప్సిన్ అనే ప్రొటీన్లు కనిపిస్తే, కణితి హిస్టియోసైటుల నుంచి పుట్టిందనడానికి అదే రుజువని అప్పట్లో తలచారు. ఇవి ఎన్నో రకాల కేన్సర్ కణాల్లో కనిపించే ప్రొటీన్లని తరువాత తేలింది. 1992లో క్రిస్టఫర్ ఫ్లెచర్ ఈ కోవలో ప్లియోమార్ఫిక్ సార్కోమా అని రాసిన 159 కణితులను తిరిగి పరిశీలిస్తే, చాలావరకు లైపోసార్కోమా, లియోమయోసార్కోమా వంటి వేరే కణితులుగా తేలాయి. కొన్ని అసలు సార్కోమాలే కావు. 2013 వర్గీకరణలో ఈ పేరును పూర్తిగా తీసేశారు. ఒక తప్పుడు మార్కర్, అసలు లేని జబ్బుకు ఇరవై ఏళ్లకు పైగా ఆయువు పోసిందంటే అతిశయోక్తి కాదు. నేటి సీడీ68కు కూడా ఈ దోషం కొంత ఉంది. అది గుర్తించేది హిస్టియోసైటును కాదు, లైసోజోములను. అందుకే నరాల తొడుగుకు చెందిన గ్రాన్యులర్ సెల్ ట్యూమర్‌లోనూ బలంగా వస్తుంది.

ఇప్పటికీ ఎక్కువ నష్టం చేస్తున్నది కెరాటిన్. సైనోవియల్ సార్కోమా, ఎపితెలియాయిడ్ సార్కోమా కెరాటిన్ పాజిటివ్ అన్న సంగతి అందరూ చదువుకున్నదే. చిక్కు తెచ్చేవి తక్కినవి. ఎపితెలియాయిడ్ యాంజియోసార్కోమా రక్తనాళపు కణాల కేన్సర్. అందులో కణాలు పెద్దవిగా, పలకలుగా పేర్చినట్టుగా ఉండి కార్సినోమాను తలపిస్తాయి. చాలా కేసుల్లో కెరాటిన్ కూడా పాజిటివ్ వస్తుంది. వయసు మీరిన రోగి, లోతైన గడ్డ, కెరాటిన్ యాంటీబాడీ ఏఈ1/ఏఈ3 పాజిటివ్. ఈ మూడూ కలిస్తే ఎక్కడినుంచో పాకిన కార్సినోమా అని రాసేయడానికి చెయ్యి తొందరపడుతుంది. ఆ తర్వాత ఊపిరితిత్తి, మూత్రపిండం, జీర్ణాశయం అంటూ మూలం కోసం స్కాన్ల మీద స్కాన్లు. ఈఆర్‌జీ, సీడీ31 వేసి ఉంటే ఆ వెతుకులాట మొదటి వారంలోనే ఆగేది. స్యూడోమయోజెనిక్ హీమాంజియో ఎండోతీలియోమా ఇంకా చిత్రమైనది. యువకుల కాళ్లలో ఒకేసారి పలు గడ్డలుగా వస్తుంది. కెరాటిన్ అంతటా పాజిటివ్, సీడీ34 నెగటివ్. చూడటానికి కండరపు కణితిలా ఉంటుంది, పుట్టుక రక్తనాళానిది. ఈఆర్‌జీ, ఫాస్‌బీ దాని గుట్టు విప్పుతాయి.

లియోమయోసార్కోమాలో కూడా చెప్పుకోదగినన్ని కేసుల్లో కెరాటిన్ అక్కడక్కడ వస్తుంది. ఈవింగ్ సార్కోమాలో దాదాపు ఐదింట ఒక వంతు కేసుల్లో కనబడుతుంది. మూత్రాశయంలో వచ్చే ఇన్‌ఫ్లమేటరీ మయోఫైబ్రోబ్లాస్టిక్ ట్యూమర్‌లో కెరాటిన్ బలంగానే వస్తుంది. దాన్ని సార్కోమాటాయిడ్ కార్సినోమా అనుకుంటే, గడ్డ వరకు తీసేస్తే సరిపోయే చోట మూత్రాశయమే పోతుంది. అక్కడ ఏఎల్‌కే పాజిటివ్ వస్తే పెద్ద అండ. కెరాటిన్ నెగటివ్ వచ్చినంత మాత్రాన కార్సినోమా కాదనీ అనలేం. సార్కోమాటాయిడ్ కార్సినోమాలు కొన్ని కెరాటిన్‌ను దాదాపు పూర్తిగా పోగొట్టుకుంటాయి. బ్లాకులన్నీ వెతికితే ఒక మూల కాస్త మిగిలి ఉండవచ్చు.

కెరాటిన్ కాపాడే సందర్భం కూడా ఒకటుంది, అదీ క్షయ ఎక్కువగా ఉన్న మన దేశంలో. ఎపితెలియాయిడ్ సార్కోమాను 1970లో ఎన్‌జింగర్ వర్ణించినప్పుడే, అది గ్రాన్యులోమాలాగానో కార్సినోమాలాగానో కనబడి మోసం చేస్తుందని చెప్పారు. యువకుల వేళ్ల మీద, అరచేతిలో, ముంజేతి మీద మానని పుండుగానో గట్టి బుడిపెగానో మొదలవుతుంది. మైక్రోస్కోపులో నడుమ కుళ్లు, చుట్టూ ఎపితెలియాయిడ్ కణాలు. క్షయ గ్రాన్యులోమా అని మందులు మొదలుపెడితే నెలలు గడిచిపోతాయి. గ్రాన్యులోమా కణాల్లో కెరాటిన్ ఉండదు. ఎపితెలియాయిడ్ సార్కోమాలో ఉంటుంది. పైగా దాని కేసుల్లో తొంభై శాతానికి మించి ఐఎన్‌ఐ1 కేంద్రకంలో మాయమవుతుంది. ఒకచోట దారి తప్పించే మార్కరే మరోచోట దారి చూపుతుంది. తేడా అంతా అడిగిన ప్రశ్నలో ఉంది.

చిన్న గుండ్రని కణాల కణితుల్లో సీడీ99ది ఇదే తీరు. ఈవింగ్ సార్కోమాలో కణపొర చుట్టూ గీత గీసినట్టు బలంగా వస్తుంది. అది లేకుండా ఈవింగ్ అనడం కష్టం. అది ఉన్నంత మాత్రాన ఈవింగ్ అనడం ప్రమాదం. ఖాకీ చొక్కా పోలీసూ వేసుకుంటాడు, ఆటో డ్రైవరూ వేసుకుంటాడు. లింఫోబ్లాస్టిక్ లింఫోమా, సరిగా రూపు కట్టని సైనోవియల్ సార్కోమా, మీసెంకైమల్ కాండ్రోసార్కోమా, సాలిటరీ ఫైబ్రస్ ట్యూమర్, అన్నిటిలోనూ సీడీ99 రావచ్చు. వీటిలో లింఫోబ్లాస్టిక్ లింఫోమాతో పొరపాటు అన్నిటికన్నా బరువైనది. పిల్లవాడి ఎముకలోనో మెత్తని కణజాలంలోనో గడ్డ. సీడీ99 పాజిటివ్, ఎఫ్ఎల్ఐ1 కూడా పాజిటివ్. లింఫోమాను పట్టిస్తుందని వేసిన ఎల్‌సీఏ నెగటివ్. ఇంత చూసి ఈవింగ్ అని రాస్తే, లుకేమియా తరహా దీర్ఘకాలపు మందులతో నయం కావలసిన పిల్లవాడికి ఆపరేషనూ రేడియేషనూ మిగులుతాయి. లింఫోబ్లాస్టిక్ లింఫోమాలో ఎల్‌సీఏ నెగటివ్ రావడం వింతేమీ కాదు. లింఫోబ్లాస్టులను పట్టించే టీడీటీ వేయకుండా ఏ పిల్లవాడికీ ఈవింగ్ అని రాయకూడదన్నది గట్టిగా పాటించవలసిన నియమం. ఎన్‌కేఎక్స్2.2 సీడీ99 కన్నా నిక్కచ్చి మార్కరే. అయినా మీసెంకైమల్ కాండ్రోసార్కోమాలో అదీ వస్తుంది. సీడీ99 అతుకులు అతుకులుగా వచ్చి, డబ్ల్యూటీ1 పాజిటివ్ అయితే సీఐసీ జన్యువు చెదిరిన సార్కోమాను తలుచుకోవాలి. ఈవింగ్‌కన్నా అది మొండిది.

పెద్దవాళ్ల ముక్కు సైనసుల్లో వచ్చే ఆల్వియోలార్ రాబ్డోమయోసార్కోమా మరో ఉచ్చు. సైనాప్టోఫైసిన్, సీడీ56, కొన్నిసార్లు కెరాటిన్ కూడా పాజిటివ్ వస్తాయి. న్యూరోఎండోక్రైన్ కార్సినోమా అనిపించడానికి ఇంకేం కావాలి? డెస్మిన్, మయోజెనిన్ అడిగినవాడే బయటపడతాడు. మయోడీ1 విషయంలో ఒక హెచ్చరిక: కేంద్రకంలో వచ్చిన రంగే లెక్క. కణద్రవ్యంలో మసకగా వచ్చేది ఎన్నో కణితుల్లో కనిపించే చెత్త రంగు.

మార్కర్లను అతిగా నమ్మడం వల్ల సాధు గడ్డలకూ ముప్పు ఉంది. 1955లో మొదటిసారి వర్ణించిన నాడ్యులర్ ఫాసియైటిస్ వారాల్లోనే పెరిగి, తనంతట తనే తగ్గిపోయే గడ్డ. కణ విభజనలు బోలెడు. అందులోని మయోఫైబ్రోబ్లాస్టులు స్మూత్ మజిల్ యాక్టిన్‌కు బలంగా పాజిటివ్. యాక్టిన్ అంటే నునుపు కండరం అనుకున్నవారు లియోమయోసార్కోమా అని రాసి, ముంజేతిలోని రెండు సెంటీమీటర్ల గడ్డకు పెద్ద ఆపరేషన్ చేయించిన ఉదంతాలు కన్సల్టేషన్‌కు వచ్చే కేసుల్లో కొత్త కాదు. డెస్మిన్, హెచ్ కాల్డెస్మాన్ నెగటివ్ వస్తే ఆగి ఆలోచించాలి. 2011 నుంచి యూఎస్‌పీ6 జన్యు మార్పు కూడా చూసే వీలుంది.

ఎస్100ను ఎక్కువమంది తిరగేసి చదువుతారు. నరాల తొడుగు కేన్సర్‌లో అది బలంగా, అంతటా రావాలని ఎదురుచూస్తారు. నిజానికి ఆ కేన్సర్‌లో ఎస్100 వచ్చేది ఇంచుమించు సగం కేసుల్లో, అదీ అక్కడక్కడ. కదురు కణాల కేన్సర్‌లో ఎస్100 అంతటా గాఢంగా వచ్చిందంటే మొదట అనుమానించవలసింది మెలనోమాను.

ఇక రెండో మెట్టు. రంగు వచ్చినది కణితి కణంలోనేనా? 2001లో మెకెనీ, వైస్, ఫోల్ప్ సీడీ31 గురించి ఇదే చెప్పారు. రక్తనాళపు కణానికి గుర్తుగా వాడే సీడీ31 మాక్రోఫేజుల మీద కూడా ఉంటుంది. మాక్రోఫేజులు నిండిన ఒక మామూలు సార్కోమా యాంజియోసార్కోమా అయిపోవడానికి అది చాలు. కణపొర మీద గింజలు గింజలుగా ఉన్న రంగు మాక్రోఫేజుది, నున్నగా గీతలా ఉన్నది రక్తనాళపు కణానిది. కేఐటీ మార్కర్‌తో మాస్ట్ కణాలు, ఎస్100తో డెండ్రైటిక్ కణాలు, మయోజెనిన్‌తో గడ్డ అంచున చిక్కుకుని తిరిగి చిగురిస్తున్న కండరపు పోగులు ఇలాగే వెలుగుతాయి. కొవ్వు కుళ్లిన చోట గుమిగూడే హిస్టియోసైటుల్లో, లైపోసార్కోమాకు గుర్తుగా వాడే ఎండీఎం2 పాజిటివ్ వచ్చి, మామూలు లైపోమాను లైపోసార్కోమా చేస్తుంది. రంగు ఉందా లేదా అని దూరం నుంచి చూసేవారు తరచు ఈ తప్పులు చేస్తారు. పక్కనే హెచ్ అండ్ ఇ స్లైడు పెట్టుకుని, ఏ కణం రంగెక్కిందో గుర్తుపట్టేవారు చేయరు.

మొదటి మెట్టు ప్రయోగశాలది. కేఐటీ ఉదంతం ఇక్కడ పాఠంలాంటిది. జీర్ణకోశపు స్ట్రోమల్ కణితుల్లో కేఐటీ జన్యువు మారుతుందని 1998లో హిరోటా బృందం జపాన్‌లో చూపింది. 2000లో ఫిన్లాండ్‌లో ఆ జబ్బు ఉన్న రోగికి కేఐటీని అడ్డుకునే ఇమాటినిబ్ మందు ఇస్తే కణితి కుదించుకుపోయింది. దానితో అన్ని సార్కోమాలలోనూ కేఐటీ వెతకడం మొదలైంది. డెస్మాయిడ్ కణితుల్లో కూడా పాజిటివ్ అని కొందరు రాశారు. యాంటీబాడీని మోతాదుకు మించి చిక్కగా వాడటం, వేడి చేసే పద్ధతి పొసగకపోవడం దానికి కారణాలు. 2002లో హార్నిక్, ఫ్లెచర్ జాగ్రత్తగా పరీక్షించి, సార్కోమాలలో కేఐటీ కనబడేది చాలా కొద్దింట్లోనే అని తేల్చారు. అటు అసలు స్ట్రోమల్ కణితుల్లోనే సుమారు ఐదు శాతం కేఐటీ నెగటివ్. అక్కడ డాగ్1 ఆదుకుంటుంది.

యాంటీబాడీ ప్రొటీన్‌లో ఏ కొసను పట్టుకుంటుందన్నది కూడా తీర్పు మార్చేస్తుంది. డెస్మోప్లాస్టిక్ స్మాల్ రౌండ్ సెల్ ట్యూమర్‌లో రెండు జన్యువులు అతుక్కుని కొత్త ప్రొటీన్ పుడుతుంది. అందులో ఉండేది డబ్ల్యూటీ1 చివరి కొసే. మొదటి కొసను పట్టే యాంటీబాడీ వేస్తే నెగటివ్, చివరి కొసను పట్టేది వేస్తే పాజిటివ్. రిపోర్టులో క్లోన్ పేరు లేకుండా డబ్ల్యూటీ1 నెగటివ్ అని రాస్తే ఆ మాటకు అర్థమే లేదు.

ఇక ఫార్మలిన్. గడ్డ తీసిన వెంటనే కోయకుండా చిన్న డబ్బాలో కుక్కి, మునగీ మునగనంత ఫార్మలిన్ పోసి బస్సులో పంపితే, లోపలి కణజాలం దారిలోనే పాడవుతుంది. ఎముకను ఆమ్లంలో నానబెట్టి మెత్తబరిస్తే చాలా ప్రొటీన్లు, జన్యు పరీక్షకు కావలసిన డీఎన్ఏ రెండూ దెబ్బతింటాయి. నలిగిన కణాలు, కుళ్లిన చోట్లు, ముక్క అంచులు అకారణంగా రంగెక్కుతాయి. మెలనిన్, పాత రక్తపు ఇనుము వాటంతటవే గోధుమ రంగులో ఉంటాయి. ఐఎన్‌ఐ1, హెచ్3కె27ఎంఈ3 వంటి మార్కర్లలో వెతికేది రంగు పోవడాన్ని. అదే ముక్కలోని మామూలు రక్తనాళపు కణాల్లో, లింఫోసైటుల్లో రంగు నిలిచి ఉంటేనే కణితిలో పోయిందనాలి. అక్కడ కూడా లేకపోతే పరీక్షే విఫలమైంది.

మార్కర్ ఎంత మంచిదైనా దాని విలువ ముందున్న అనుమానాన్ని బట్టి ఉంటుంది. ఇది అంకెల్లో చూస్తేనే నమ్మకం కుదురుతుంది. ఒక మార్కర్ ఒక కణితిని నూటికి 95 సార్లు పట్టుకుంటుందనీ, వేరే కణితుల్లో నూటికి 10 సార్లు పొరపాటున వస్తుందనీ అనుకుందాం. ఏ అనుమానమూ లేకుండా వెయ్యి గడ్డల మీద వేస్తే, వాటిలో ఆ జబ్బు 20 గడ్డల్లో ఉంటే, నిజమైన పాజిటివ్‌లు 19, తప్పుడు పాజిటివ్‌లు 98. పాజిటివ్ వచ్చిన వాటిలో నిజమైనవి ఆరింట ఒక వంతు కూడా లేవు. అదే మార్కర్‌ను, హెచ్ అండ్ ఇ చూసి సగానికి సగం అవకాశం ఉందనుకున్న వెయ్యి గడ్డల మీద వేస్తే 475 నిజమైనవి, 50 తప్పుడువి. పాజిటివ్‌లలో పదింట తొమ్మిది నిజమవుతాయి. ఒక్కొక్కటీ నూటికి ఐదుసార్లు తప్పే ఇరవై మార్కర్లను గుడ్డిగా వేస్తే, కనీసం ఒక్కటైనా తప్పుగా పాజిటివ్ వచ్చే అవకాశం 64 శాతం. పెద్ద పానెల్ జాగ్రత్తకు గుర్తని అనుకోవడం పొరపాటు. చాలాసార్లు అది స్లైడు సరిగా చూడలేదనడానికే గుర్తు.

జన్యు మార్పు నుంచి నేరుగా పుట్టిన మార్కర్లు ఈ పరిస్థితిని బాగా మెరుగుపరిచాయి. సాలిటరీ ఫైబ్రస్ ట్యూమర్‌లో ఎన్ఏబీ2, ఎస్‌టీఏటీ6 జన్యువులు అతుక్కుంటాయని 2013లో తెలిశాక, కేంద్రకంలో ఎస్‌టీఏటీ6 ఆ కణితికి గట్టి గుర్తయింది. అంతకు ముందు ఆధారపడిన సీడీ34 డెర్మటోఫైబ్రోసార్కోమాలో, స్పిండిల్ సెల్ లైపోమాలో, సగం ఎపితెలియాయిడ్ సార్కోమాలలో కూడా వచ్చేది. సైనోవియల్ సార్కోమాలో టీఎల్ఈ1 స్థానాన్ని, ఎస్ఎస్18-ఎస్ఎస్ఎక్స్ అతుకునే గుర్తించే యాంటీబాడీ 2020 నుంచి తీసుకుంటోంది. టీఎల్ఈ1 ష్వానోమాలో కూడా వచ్చేది. అయితే కొత్తవి కూడా తిరుగులేనివి కావు. ఎస్‌టీఏటీ6 జన్యువు 12వ క్రోమోజోములో సీడీకే4కు దగ్గరలోనే ఉంటుంది. డీడిఫరెన్షియేటెడ్ లైపోసార్కోమాలో ఆ ప్రాంతమంతా పదేపదే నకలు కావడంతో అక్కడా ఎస్‌టీఏటీ6 పాజిటివ్ రావచ్చు. జన్యు పరీక్ష చేయించాం గదా అని నిశ్చింతగా ఉండటానికీ లేదు. ఈడబ్ల్యూఎస్ఆర్1 జన్యువు విరిగిందని ఫిష్ పరీక్ష చెబితే అది ఈవింగ్ కావచ్చు, క్లియర్ సెల్ సార్కోమా కావచ్చు, డెస్మోప్లాస్టిక్ కణితి కావచ్చు, సాధువుకు దగ్గరి యాంజియోమటాయిడ్ ఫైబ్రస్ హిస్టియోసైటోమా కూడా కావచ్చు. ఆ జన్యువు ఎవరితో జతకట్టిందో ఆ పరీక్ష చెప్పదు.

కోర్ బయాప్సీలో వచ్చేది సూదిమందం ముక్క. ఒకేసారి పదిహేను మార్కర్లు వేస్తే జన్యు పరీక్షకు కణజాలం మిగలదు. మొదటి విడతలో అవసరమైన నాలుగైదు వేసి, అవి చూశాక మిగతావి నిర్ణయించాలి. రిపోర్టులో ఏ మార్కర్ ఏ క్లోన్, ఎంతమేర కణాల్లో, కణంలో ఎక్కడ వచ్చిందో రాయాలి. పాజిటివ్, నెగటివ్ అన్న రెండు మాటలతో సరిపెట్టకూడదు. పంపే వైద్యులు ఫారం మీద "గడ్డ, ఐహెచ్‌సి చేయగలరు" అని రాసి ఊరుకోకుండా, రోగి వయసు, గడ్డ ఉన్న చోటు, చర్మం కిందనా లోతునా, ఎంత పరిమాణం, ఎన్నాళ్లుగా పెరుగుతోంది, పాత కేన్సర్ ఏదైనా ఉందా అన్నవి రాసి, ఎమ్మారై రిపోర్టు జతచేయాలి.